గిట్ చరిత్రను శుభ్రం చేస్తామనే సేవ కొనేవారికి హెచ్చరిక

పర్లాకిమిడిలో జీడిపప్పు వ్యాపారం చేసే నాలాగా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్‌తో సహా కొని, దాని నిర్వహణను ఏడాది ఒప్పందం మీద బయటివారికి అప్పగించేవారు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. సంస్థ పేరు రాయడం లేదు.

డేటాబేస్ పాస్‌వర్డ్ ఒక సెట్టింగుల ఫైలులో బాహాటంగా ఉందనీ, ఇవాళ ఆ ఫైలును తొలగించినా కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలోని పాత కమిట్లలో (భద్రపరచిన ఒక్కో మార్పు నమోదు ఒక కమిట్) అది అలాగే మిగులుతుందనీ మా మేనల్లుడు గమనించాడు. చరిత్రనంతా తిరగరాసి దాన్ని తీసేస్తామని నిర్వాహకులు విడిగా రుసుము తీసుకుని, ఒక శనివారం సాయంత్రం పని పూర్తయిందని ఫోన్ చేశారు. పాస్‌వర్డ్‌ను మాత్రం మార్చలేదు. అసలు మొదట చేయవలసినది అదే. ఎందుకంటే ఎవరి కంప్యూటర్‌లో పాత నకలు ఉందో ఎవరూ చెప్పలేరు, కోడ్‌ను ఉంచే గిట్‌హబ్ వంటి వెబ్‌సైట్లలో కమిట్ గుర్తింపు సంఖ్య తెలిసినవారికి పాత కమిట్ చరిత్రను తిరగరాశాక కూడా కనిపించవచ్చు.

వారి సాంకేతికుడు రెండు వారాల నాటి నకలు మీద ఫిల్టర్ బ్రాంచ్ అనే, చరిత్రను తిరగరాసే గిట్ ఆదేశాన్ని నడిపి, ఫోర్స్ పుష్ చేశాడు, అంటే సర్వర్ మీద ఉన్నదాన్ని చెరిపి బలవంతంగా తన నకలును పెట్టాడు. గిట్ పత్రాలే ఫిల్టర్ బ్రాంచ్‌ను వాడవద్దని, దాని బదులు ఫిల్టర్ రెపో అనే సాధనాన్ని వాడమని చెబుతున్నాయి. ఆ రెండు వారాల్లో మేనల్లుడు ఒడియా బిల్లు ముద్రణ కోసం చేసిన కమిట్లన్నీ సర్వర్ మీద మాయమయ్యాయి. ఫోర్స్ బదులు ఫోర్స్ విత్ లీజ్ అని ఇచ్చి ఉంటే, సర్వర్‌లో తనకు తెలియని కొత్త పని ఉందని గిట్ ఆ పుష్‌ను తిప్పికొట్టేది.

ప్రతి కమిట్‌కు ఉండే 40 అక్షరాల సంఖ్యను దాని విషయంతోపాటు దాని ముందటి కమిట్ సంఖ్యను కూడా కలిపి లెక్కకడతారు కాబట్టి, నడుమ ఒకదాన్ని మారిస్తే దాని తర్వాతివన్నీ కొత్త కమిట్లవుతాయి. ఈ సంగతి ఎవరూ చెప్పని మేనల్లుడు సోమవారం మామూలుగా పుల్ చేసి (సర్వర్ నుంచి మార్పులు తెచ్చుకుని), పాత, కొత్త చరిత్రలు రెండింటినీ మెర్జ్ చేసి (కలిపి) సర్వర్‌కు పుష్ చేశాడు. కమిట్ల జాబితా అయిన లాగ్ తెరిస్తే 'జీఎస్టీ సవరణ' అన్న ఒకే కమిట్ ఒకే తేదీతో, వేర్వేరు సంఖ్యలతో రెండుసార్లు కనిపించింది. పాస్‌వర్డ్ కూడా తిరిగి వచ్చి కూర్చుంది! ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెడితే, ఇల్లు కాలింది గాని ఎలుక మిగిలింది.

అదృష్టవశాత్తు అతని లాప్‌టాప్‌లోని రిఫ్లాగ్ (బ్రాంచ్, అంటే కమిట్ల వరుస, ఎప్పుడు ఏ కమిట్ మీద ఉందో గిట్ రాసుకునే చిట్టా) మెర్జ్‌కు ముందరి స్థితిని చూపింది. మామూలు అమరికలో అది 90 రోజులు, ఆ బ్రాంచ్ ప్రస్తుత కొస నుంచి చేరలేని కమిట్లకైతే 30 రోజులు మాత్రమే నిలుస్తుంది. ఈసారి పాస్‌వర్డ్ మార్చి, మిర్రర్ క్లోన్‌ను (సర్వర్‌లోని చరిత్రంతటి పూర్తి నకలును) పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, అందరినీ ఒక పూట పని ఆపమని చెప్పి, కొత్త క్లోన్‌లో ఫిల్టర్ రెపో నడిపాము. తర్వాత పాత నకళ్లన్నీ చెరిపించి, మళ్లీ క్లోన్ చేయించాము.

మీ ఒప్పందంలో, చరిత్రను తిరగరాసే ముందు పూర్తి నకలు మీ చేతికి ఇవ్వాలనీ, మీ రాతపూర్వక అనుమతి లేనిదే ఫోర్స్ పుష్ చేయరాదనీ రాయించుకోండి. సర్వర్ మీదే దాన్ని నిరోధించే అమరికను పెట్టించండి. మా రుసుము సంగతి అడిగితే, పని అయితే చేశాము కదా అని వారు ఇప్పటికీ నీళ్లు నములుతున్నారు.