ఆ సేఫ్టీ గార్డును నమ్ముకోకండి: కుక్క గోళ్ల కట్టర్, చాన్నాళ్ల వాడకం తర్వాత

కట్టర్ పదునైనదే, పట్టు కూడా బాగుంది. నా కోపమంతా బ్లేడు వెనకాల ఉన్న ఆ చిన్న రేకు మీదే. దాన్నే సేఫ్టీ గార్డు అంటున్నారు. గోరు ఆ రేకుకు తగిలేదాకా పెట్టి కత్తిరిస్తే భయం లేదన్నట్టు డబ్బా మీద బొమ్మ కూడా వేశారు.

మా కర్రిగాడి గోళ్లు నల్లగా ఉంటాయి. నల్లగొండలో మా పాత ఇంటి వాకిట్లో గరుకు బండలుండేవి, గోళ్లు వాటంతటవే అరిగేవి. టైల్స్ ఇంటికి మారాక పెరిగిపోయి, నడిస్తే టకటకమని చప్పుడు. గోరు పెరిగేకొద్దీ లోపలి రక్తనాళం, నరం కూడా ముందుకు సాగుతాయి. తెల్ల గోరైతే ఆ గులాబీ రంగు బయటికే కనిపిస్తుంది, నల్ల గోటిలో ఏమీ తెలియదు. అన్ని కుక్కలకూ ఒకటే కొలత పెట్టే రేకు ఇదంతా ఎలా పట్టుకుంటుంది?

ముందు కాలి గోరు రేకుకు ఆనించి నొక్కాను. వాడు కుయ్యోమన్నాడు, టైల్స్ నిండా రక్తపు చుక్కలు. అమ్మ వంటింట్లోంచి కార్న్‌ఫ్లోర్ తెచ్చింది. చిటికెడు గోటికొనకు అద్ది, దూదితో వదలకుండా నొక్కి పట్టుకుంటే కాసేపటికి ఆగింది. ఆ తర్వాత నెలల తరబడి కట్టర్ ఉండే డ్రాయర్ చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరేవాడు.

ఇప్పుడు రేకును పక్కకు తిప్పేసి పలచటి పొరలుగా కోస్తున్నా. కోసిన చోట మొదట పొడిపొడిగా, తెల్లగా ఉంటుంది. మధ్యలో నల్లటి చుక్క కనబడగానే ఆపేయాలి. రెండు వారాలకోసారి ఇలా కొద్దికొద్దిగా తీస్తుంటే లోపలి నాళం కూడా మెల్లగా వెనక్కి తగ్గుతుంది. మా వాడికి తగ్గింది. నేలకు తగలకుండా పైన ఉండే గోరు వదిలేస్తే వంకర తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది, దానికి మాత్రం ఈ చిన్న మూతి కట్టర్ భలే అందుతుంది.

పదునైనదే అన్నాను గానీ, ఈ మధ్య కోయకుండా నలుపుతోంది. నలిగితే నాళం తగలకపోయినా కుక్కకు నొప్పే. సాన పట్టేవాళ్లకిస్తే ఇంత చిన్న బ్లేడు తమవల్ల కాదన్నారు.

మీది తెల్ల గోళ్ల కుక్కయితే ఈ కట్టర్ కొనుక్కోవచ్చు. అమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుంటేనే నాకు పని నడుస్తుంది, ఒక్కరే ఉండేవాళ్లకు ఎలా ఉంటుందో చెప్పలేను. గోళ్లు నల్లగా ఉంటే మాత్రం మొదటిసారి పశువుల దవాఖానలో కోయించి, ఎంతవరకు తీస్తున్నారో దగ్గరుండి చూసుకోండి.