అమ్మతో ఆరేళ్లు: మా ఏరియా ఆసుపత్రి డయాలసిస్ కేంద్రం

వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు. ఆరేళ్లుగా అమ్మకు డయాలసిస్ మా పట్టణంలోని ఏరియా ఆసుపత్రిలోనే జరుగుతోంది. అంతకుముందు హైదరాబాదు తీసుకెళ్లేవాళ్లం. తెల్లవారుజామున బస్సెక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడేది. సూదుల నొప్పి కంటే ఆ తిరుగు ప్రయాణమే ఆమెను ఎక్కువ కుంగదీసింది. ఇప్పుడు ఆటోలో పది నిమిషాలు. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే చేస్తుంది. ఈ కేంద్రం మాకు చేసిన మేలు ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

ఆరోగ్యశ్రీ కింద కాబట్టి డయాలసిస్‌కు ఇక్కడ రూపాయి కట్టలేదు. అయితే నేను మెచ్చుకునేది టెక్నీషియన్ల ఓపికను. వెళ్లగానే బరువు చూస్తారు. ఒంట్లో నీరు చేరి ఎక్కువ పెరిగితే, ‘చారు, మజ్జిగ కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయమ్మా’ అని ప్రతిసారీ విసుక్కోకుండా చెబుతారు. చూడటానికి వచ్చే బంధువులు కొబ్బరి బోండాలు తెస్తే గుమ్మంలోనే ఆపేస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని మనిషికి అది గుండె మీదికి వస్తుంది. ప్రేమతో తెచ్చినవారు నొచ్చుకోకుండా ఆ మాట చెప్పడం చిన్న పని కాదు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కసారి డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఒక వేసవిలో నీటి ప్లాంటు చెడిపోయి రెండు రోజులు యంత్రాలు ఆగాయి. ఆ సంగతి ఫోను చేసి చెప్పేవారే లేకపోయారు. ఆయాసపడుతున్న అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాక తలుపు దగ్గర తెలిసింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మరో రాత్రి జ్వరంతో అత్యవసర విభాగానికి తీసుకెళ్తే, అక్కడి నర్సు సెలైన్ కోసం ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న ఎడమ చేయే పట్టుకుంది. నేను గట్టిగా అరిచి ఆపాను. ఆ చేతికి సెలైన్ సూది గుచ్చకూడదు, బీపీ పట్టీ కూడా కట్టకూడదు. ఆ నరం పాడైతే మళ్లీ ఆపరేషనే. డయాలసిస్ గదిలో అందరికీ తెలిసిన ఈ విషయం పక్క విభాగంలో తెలియకపోవడం ఘోరం. మీవాళ్లను ఏ ఆసుపత్రికి తీసుకెళ్లినా ముందు ఆ చేయి చూపించి చెప్పండి.

కొత్తగా చేరేవారు దుప్పటి ఇంటి నుంచే తెచ్చుకోండి. రక్తం గొట్టాల్లో తిరిగి వస్తుంటే చలి వేస్తుంది. వేసవిలో కూడా అమ్మ మెడదాకా కప్పుకునే పడుకుంటుంది.