కేంబ్రిడ్జిలో పెన్సిల్ బొమ్మలు: మ్యూజియంకి దండం, బసకి దూరం

కేంబ్రిడ్జి ఫిట్జ్‌విలియం మ్యూజియంలో గోడల మీదవి మాత్రమే చూసి వచ్చేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 1896లో ఇంగ్లీషు డిజైనర్, కవి విలియం మోరిస్ తన కెల్మ్‌స్కాట్ ప్రెస్‌లో అచ్చువేసిన పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ కావ్యాలకి చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ వేసిన పెన్సిల్ చిత్రాలు అక్కడే ఉన్నాయి, కానీ పెట్టెల్లో. వెలుతురు తగిలితే కాగితం పాడవుతుంది కనుక ఎప్పుడూ బయట పెట్టి ఉంచరు. ముందే ఈమెయిల్ రాసి స్టడీ రూమ్‌లో టైమ్ తీసుకోవాలి. పైసా ఖర్చు లేదు.

ఖర్చంతా బసకే. స్టేషన్ దగ్గర గెస్ట్‌హౌస్, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి రాత్రికి 98 పౌండ్లు అన్నారు. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మావారికి మోకాళ్ల నొప్పులు. రాత్రి పదికల్లా హీటర్ ఆపేశారు. ఇంకో దుప్పటి అడిగితే ‘ఒక గదికి ఒకటే’ అంది రిసెప్షన్ అమ్మాయి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. బ్రేక్‌ఫాస్ట్ అంటే రెండు కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు, పాలు అయిపోయాయి! మధ్యాహ్నం దాకా సామాను ఉంచుకోవడానికి బ్యాగుకి 6 చొప్పున మరో 12 పౌండ్లు గుంజారు. మావారు మ్యూజియం దాకా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

ఆ మనిషే స్టడీ రూమ్‌లో కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆయన ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు, గీత చూస్తే వదలరు. చాసర్ కావ్యాల్లోని ‘రొమాంట్ ఆఫ్ ది రోజ్’ ప్రేమకథ బొమ్మలు అడిగి తీయించుకున్నాం. చిన్న కాగితాలే. బర్న్-జోన్స్ బట్టల మడతల్లో పెన్సిల్ నొక్కి నల్లగా దిద్దాడు, ముఖాలకి వచ్చేసరికి ఆనీ ఆననట్టు తేల్చేశాడు. అచ్చు పుస్తకంలో ఈ మెత్తదనం కనబడదు. కనబడకపోవడానికి కారణముంది: పుస్తకంలో బొమ్మల్ని చెక్క దిమ్మల మీద చెక్కి అచ్చువేశారు, పెన్సిల్ నీడలు అలా చెక్కడానికి పనికిరావు. అందుకని బొమ్మని ఫొటో తీసి, దానిమీద కాటర్సన్-స్మిత్ అనే చిత్రకారుడు తెల్లరంగు పూసి, నల్ల ఇంకుతో గీతలు తేల్చేవాడు. దాన్ని చెక్క మీదికెక్కించి హూపర్ అనే చెక్కుడు పనివాడు చెక్కాడు. ఇలా 87 బొమ్మలు. పుస్తకం పూర్తయిన కొన్ని నెలలకే మోరిస్ పోయాడు.

అచ్చు బొమ్మ పక్కన పెట్టుకుని చూడండి, తేడా తెలుస్తుంది. నోట్సు పెన్సిల్‌తోనే రాసుకోవాలి, పెన్ను తీయొద్దు. సోమవారం మ్యూజియం ఉండదు. రాత్రి మాత్రం కేంబ్రిడ్జిలో ఉండకండి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఫాస్ట్ రైలు గంటలోపే చేరుస్తుంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.