కోర్టు, బిజినెస్, హెల్త్: కొత్త రిపోర్టర్‌కి ముందు ఏ బీట్ మేలు?

జర్నలిజంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే, ఏదో ఒక స్పెషల్ బీట్ (అంటే రిపోర్టర్ రోజూ వార్తలు రాసే ఒక రంగం) పట్టుకుందామనుకుంటున్నాం, కోర్టా బిజినెస్సా హెల్తా అని. మూడూ మంచివే, కానీ ఒక్కోటి ఒక్కోటి నేర్పిస్తుంది. మొదటి ఏడాదికైతే నేను కోర్టుకే మొగ్గుతాను.

కోర్టు బీట్‌లో ప్రతి మాటకీ లెక్క ఉంటుంది. నిందితుడు అనాల్సిన చోట దోషి అని రాశారంటే అది అచ్చుతప్పు కాదు, తీర్పు రాకముందే మనం ఒక మనిషికి శిక్ష వేసేసినట్టు. ఇంకోటి, జడ్జి విచారణలో లాయర్‌ని నిలదీస్తూ అన్నమాట వేరు, సంతకం పెట్టిన ఆర్డర్‌లో ఉన్నమాట వేరు. కొత్తలో నేను కోర్టు హాల్లో విన్నది విన్నట్టు "ధర్మాసనం ఆగ్రహం" అని వార్త కాపీ ఇచ్చేశాను, సాయంత్రానికి ఆర్డర్ చేతికొస్తే చూద్దును కదా నాలుగే లైన్లు, కౌంటర్ (ఎదుటి పక్షం రాతపూర్వక జవాబు) వేయడానికి రెండు వారాల గడువు, కేసు వాయిదా, అంతే. డెస్క్‌లో సీనియర్ సబ్ ఎడిటర్ గారు కాపీ చదివి "ఇంతకీ కోర్టు ఏం చెప్పింది బాబూ?" అనడిగారు. నోట మాట రాలేదు. అప్పట్నుంచి ఆర్డర్ ఆఖరి పేరా చదివాకే లీడ్ (వార్త మొదటి పేరా) రాస్తున్నాను. పైగా కోర్టులో ఇరుపక్షాల వాదన మన ముందే ఉంటుంది కాబట్టి ఎవరేమన్నారో వాళ్ల పేరుతోనే రాయడం అనే అలవాటు తొందరగా పడుతుంది. వాయిదాల కోసం పడిగాపులు మాత్రం తప్పవు.

బిజినెస్ బీట్ అంకెలు చదవడం నేర్పిస్తుంది. వడ్డీ 6 శాతం నుంచి 6.5కి పెరిగితే చాలామంది అర శాతం పెరిగిందని రాసేస్తారు, నిజానికి పెరిగింది అర శాతం పాయింట్, 6 మీద ఆ అర ఎంతో శాతంలో చూస్తే 8 పైనే. లాభం పెరిగిందని ప్రెస్ నోట్ వస్తే అది వ్యాపారంలో వచ్చిందా, ఆస్తి అమ్మితే వచ్చిందా అని లెక్కల కింద నోట్స్‌లో వెతకాలి. 2001 మార్చిలో ఫార్చ్యూన్ పత్రికలో బెథనీ మెక్‌లీన్ అడిగింది చాలా మామూలు ప్రశ్న, అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌కి అసలు డబ్బు ఎలా వస్తోంది అని. అదే ఏడాది డిసెంబర్లో ఆ కంపెనీ దివాలా తీసింది. అంత ధైర్యంగా అడగాలంటే ముందు బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలి, అది ఒక్క నెలలో వచ్చేది కాదు.

హెల్త్ అన్నిటికంటే కష్టం, తప్పు రాస్తే నేరుగా జనం ఒంటి మీదకొస్తుంది. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద వచ్చిన ఒక్క పేపర్‌ని పట్టుకుని ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టి ఎన్నో వార్తలొచ్చాయి, ఆ పేపర్ని లాన్సెట్ 2010లో వెనక్కి తీసుకుంది గానీ ఈలోపు పడ్డ భయం ఇంకా పోలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ప్రాసెస్డ్ మాంసాన్ని (సాసేజ్, బేకన్ లాంటివి) పొగాకు ఉన్న గ్రూపులోనే చేర్చింది, రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం ఎక్కువ అంది. దాంతో మాంసం సిగరెట్టంత ప్రమాదం అని హెడ్డింగులు. కానీ ఆ గ్రూపు చెప్పేది ఆధారం ఎంత గట్టిదనే, ప్రమాదం ఎంతని కాదు. ఆ 18 శాతం కూడా దేని మీద? వందలో ఐదుగురికి వచ్చే జబ్బయితే అది ఇంచుమించు ఆరుగురికి అవుతుంది. ఈ ఒక్క లైన్ కాపీలో ఉందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

కామర్స్ చదివినవాళ్లు బిజినెస్‌లోకి, ఫార్మసీయో లైఫ్ సైన్సెస్సో చదివినవాళ్లు హెల్త్‌లోకి నేరుగా వెళ్లినా నేను వద్దనను, వాళ్లకి సబ్జెక్ట్ ఎలాగూ ఉంది. కాకపోతే వీలైతే ఓ మూడు నెలలు కోర్టులో కూర్చుని, రోజుకో ఆర్డర్ చదివి దాన్ని ఐదు లైన్లలో రాసి, మళ్లీ ఆర్డర్ పక్కన పెట్టుకుని ఒక్కో మాట సరిచూసుకోండి.