ఆక్టేవియా 1.8 టీఎస్ఐలో మూడు రకాల ఇన్‌టేక్‌లు: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐని కొన్నేళ్లుగా హైదరాబాదులో, అందులోనూ ఏడాది పొడవునా ఏదో ఒక భవన నిర్మాణం సాగుతూనే ఉండే నార్సింగి, కోకాపేట ప్రాంతంలో నడుపుతున్నాను. ఈ కాలంలో కారు ఇన్‌టేక్‌కు, అంటే బయటి గాలిని వడకట్టి ఇంజన్‌కు చేర్చే భాగానికి, మూడు రకాల అమరికలు వాడాను: కంపెనీ ఎయిర్ బాక్సులోనే ఇమిడిపోయే, ఉతికి వాడుకునే కాటన్ ప్యానెల్ ఫిల్టరు, బాక్సును పూర్తిగా తీసేసి పైపు చివర బిగించే ఓపెన్ కోన్ ఫిల్టరు, ఇప్పుడు కారులో ఉన్న, మూతతో కూడిన క్లోజ్డ్ బాక్స్ ఇన్‌టేక్. చివరిదాన్నే ఉంచుకున్నాను. అది మిగతావాటికంటే ఎక్కువ శక్తి ఇచ్చిందని కాదు, దుమ్మును నమ్మకంగా ఆపిందని.

శక్తి సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు మొదట చెప్పేది దాని గురించే. టర్బో (ఇంజన్ పొగ బలంతో తిరుగుతూ గాలిని ఒత్తి లోపలికి పంపే పరికరం) లేని ఇంజన్‌లో ఫిల్టరు దగ్గర అడ్డంకి తగ్గితే ఆ లాభం నేరుగా సిలిండరు వరకు వెళుతుంది. టర్బో ఇంజన్‌లో అలా కాదు. మానిఫోల్డులో, అంటే సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో, ఎంత పీడనం ఉండాలో ఇంజన్‌ను నడిపే కంప్యూటరు ఈసీయూ ముందే నిర్ణయించుకుని, అది వచ్చేవరకు టర్బోను తిప్పే పొగను పక్కకు వదిలే వాల్వు అయిన వేస్ట్‌గేటును మూస్తుంది. ఫిల్టరు కొంచెం బిగుతుగా ఉంటే టర్బో కొంచెం ఎక్కువ తిరుగుతుంది, అంతే. పైగా ఈ ఇంజన్ 180 పీఎస్ ఇచ్చినా టార్కును కంపెనీ 250 ఎన్ఎం దగ్గరే ఆపింది. దీనితో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు పరిమితి కూడా అంతే. ఈసీయూ గీసిన ఆ గీతను ఏ ఫిల్టరూ దాటించలేదు. రీమ్యాప్ (ఈసీయూలోని కంపెనీ సెట్టింగులను, అంటే మ్యాపును, మార్చడం) చేయించకముందు కారు ఓబీడీ సాకెట్ నుంచి ఈసీయూ రికార్డులు తీసి చూసినప్పుడు, మూడు అమరికల్లోనూ బూస్టు (టర్బో ఇచ్చే అదనపు పీడనం) గీతలు దాదాపు ఒకదానిపై ఒకటి కూర్చున్నాయి.

అయితే ఇన్‌టేక్ వల్ల ఏ లాభమూ లేదని తీర్పు చెప్పడం కూడా సరికాదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడి గాలి పీడనం సుమారు 95 కిలోపాస్కళ్లు. మానిఫోల్డులో 190 కావాలంటే కంప్రెసరు (టర్బోలో గాలిని ఒత్తే భాగం) గాలిని సరిగ్గా రెండింతలు ఒత్తాలి; ఫిల్టరు, పైపు కలిసి మరో 3 కిలోపాస్కళ్లు మింగితే ఆ నిష్పత్తి 2.07 అవుతుంది. ఈ కారులోని ఐహెచ్ఐ ఐఎస్12 చిన్న టర్బో. 5,000 ఆర్‌పీఎం దాటాక దానికి మిగులు శక్తి తక్కువ. స్టేజ్ 1 రీమ్యాప్ తరువాత, కోరిన బూస్టుకూ వచ్చిన బూస్టుకూ మధ్య ఆ పై ఆర్‌పీఎంలలో కనిపించిన తేడా క్లోజ్డ్ బాక్సుతో కొంత తగ్గింది. ఔటర్ రింగ్ రోడ్డు మీదకు ఎక్కే ర్యాంపులో అది తెలుస్తుంది, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో తెలియదు. వేసవిలో విజయవాడకు దిగినప్పుడు పీడనం పెరిగి కారు ఇంకా చురుగ్గా ఉంటుందని ఆశించేవాణ్ణి. లెక్క వేస్తే అక్కడి 44 డిగ్రీల గాలి సాంద్రత ఇక్కడి 30 డిగ్రీల గాలి సాంద్రతకు దాదాపు సమానమని తేలింది.

వేడి విషయంలో ఓపెన్ కోన్‌ను మెచ్చేవారూ, తప్పుపట్టేవారూ కాస్త అతిగానే చెబుతారు. ఓపెన్ కోన్ ఇంజన్ గదిలోని వేడి గాలిని పీలుస్తుందన్నది నిజమే. ఫిల్టరు మూతి దగ్గర చిన్న థర్మామీటరు తీగ కట్టి చూస్తే, సిగ్నళ్ల దగ్గర బయటి ఉష్ణోగ్రత కంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎక్కువ చూపింది. కానీ కంప్రెసరులో ఒత్తిడికి గురైన గాలి ఎలాగూ వంద డిగ్రీలు దాటుతుంది, ఆ తరువాత ఇంటర్‌కూలరు ఆ వేడిలో చాలా భాగాన్ని లాగేస్తుంది. కనుక మూతి దగ్గరి ఇరవై డిగ్రీలు సిలిండరును చేరేసరికి కొద్ది డిగ్రీలే అవుతాయి. ఇంటర్‌కూలరుకే గాలి తగలని ట్రాఫిక్‌లో మాత్రం ఈ లెక్క పనిచేయదు. ఫోను యాప్‌లో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత అని కనిపించే అంకె ఈ కారులో ఇంటర్‌కూలరు తరువాతి గాలిది. దాన్ని చూపించి ఓపెన్ కోన్‌కు వేడి సమస్యే లేదని వాదించేవారు కొలుస్తున్నది వేరే చోటు.

అసలు విషయం దుమ్ము. ఓపెన్ కోన్ వాడిన కాలంలో, టర్బోకు ముందున్న పైపును విప్పి లోపల తెల్లటి పొడి గుడ్డతో తుడిచినప్పుడు గుడ్డకు ఎర్రని సన్నటి పొడి అంటింది. ఫిల్టరు చిరగలేదు, క్లాంపులు బిగుతుగానే ఉన్నాయి. కోన్ రబ్బరు మెడకూ పైపుకూ మధ్య సందు ఏర్పడిందా, దుమ్మును పట్టుకునేందుకు కోన్‌కు పూసే నూనె సమంగా పట్టలేదా అని మెకానిక్‌తో కలిసి వెతికి, రెండూ సరిచేసి మళ్లీ నడిపినా గుడ్డ శుభ్రంగా రాలేదు. కంప్రెసరు చక్రం పూర్తి లోడు మీద నిమిషానికి లక్షన్నరకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో కంకర పొడి దాని రెక్కల అంచులను అరగదీస్తుంది, లోపలికి వెళ్లినది రింగులనూ సిలిండరు గోడలనూ గీస్తుంది. పేపరు ఫిల్టరుకు ఒక సుగుణం ఉంది: దుమ్ము పేరుకునే కొద్దీ గాలికి అడ్డంకి పెరిగినా వడపోత ఇంకా మెరుగవుతుంది. కాటన్ ఫిల్టరును ఉతికిన ప్రతిసారీ ఆ పేరుకున్న పొర పోయి లెక్క మొదటికి వస్తుంది; నూనె తక్కువైతే దుమ్ము జారిపోతుంది, ఎక్కువైతే పైపులోకి చేరుతుంది.

అందుకే కొనేముందు హార్స్‌పవర్ గ్రాఫు కాకుండా ఎయిర్ ఫిల్టర్ల వడపోతను కొలిచే ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ పరీక్ష ఫలితం అడగాలని నా అభిప్రాయం. ఎంత శాతం వడకట్టింది అన్న అంకెతో పాటు, పరీక్షకు వాడినది సన్న దుమ్మా ముతక దుమ్మా అన్నది కూడా అడగాలి. ముతక దుమ్ముతో మంచి అంకె రావడం పెద్ద గొప్ప కాదు. ఇప్పుడున్న బాక్సులో నూనె అవసరం లేని సింథటిక్ ఫిల్టరు ఉంది, కంపెనీ వారు గ్రిల్ వెనుక పెట్టిన గాలి గొట్టమే దీనికీ దారి. మూత చుట్టూ రబ్బరు సీలు ఉంది. గుడ్డ పరీక్షలో ఇంతవరకు ఎరుపు కనిపించలేదు. లోపమంటే, బాక్సు స్క్రూలు చిన్నవి, చేతికి అందని చోట రెండున్నాయి. ఫిల్టరు తీయడానికి కంపెనీ బాక్సుకు పట్టే సమయం కంటే చాలా ఎక్కువ పడుతుంది.

శబ్దంలో మాత్రం ఓపెన్ కోన్‌కు సాటి లేదు. యాక్సిలరేటరు వదలగానే మిగిలిన బూస్టు గాలిని పక్కకు మళ్లించే డైవర్టర్ వాల్వ్ చేసే ఉస్సుమనే చప్పుడు, టర్బో ఈల, రెండూ కారు లోపలికి స్పష్టంగా వినిపిస్తాయి. చాలామంది కొనేది దీనికోసమేనని నా అనుమానం. అందులో తప్పేమీ లేదు, శక్తి పెరిగిందని చెప్పుకోనంతవరకు. క్లోజ్డ్ బాక్సులో ఆ చప్పుడు సగానికి తగ్గింది.

బంపరు కింది భాగం నుంచి గాలి తీసుకునే పొడవాటి కోల్డ్ ఎయిర్ పైపులను నేను ఆలోచించనేలేదు. 2020 అక్టోబరు వరదను చూసినవారికి కారణం చెప్పనవసరం లేదు: ఫిల్టరు మునిగితే ఇంజన్ నీటిని పీలుస్తుంది, నీరు కుదించుకోదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని మామూలు బీమా ఈ నష్టాన్ని సాధారణంగా భరించదు. బయటి పార్టు బిగించిన సంగతి బీమా సంస్థకు ముందే తెలియజేయడం, వారంటీ మిగిలి ఉంటే అది ముగిసేవరకు ఆగడం మంచిది.

కంపెనీ మ్యాపు మీదే నడుపుతున్నవారికి నా సూచన కంపెనీ బాక్సును కదిలించవద్దనే; మంచి పేపరు ఫిల్టరును మన దుమ్ముకు తగినట్టు సర్వీసు పుస్తకం చెప్పినదానికంటే ముందే మార్చుకుంటే చాలు. రీమ్యాప్ చేయించినవారికి క్లోజ్డ్ బాక్సు పనికొస్తుంది. ఆక్టేవియా గాలిని మానిఫోల్డు పీడనాన్ని బట్టి లెక్కిస్తుంది కనుక పైపు మార్చినా కంగారు పడలేదు. ఫిల్టరు వెంటనే మాఫ్ సెన్సరు (లోపలికి వెళ్లే గాలి ఎంతో కొలిచేది) ఉండే కార్లలో మాత్రం సెన్సరు కూర్చునే చోట పైపు వ్యాసం మారితే ఈసీయూకు అందే అంకె తప్పవుతుంది, ఇంధన మిశ్రమం పలచబడే ప్రమాదం కూడా ఉంది. అలాంటి కారుకు కంపెనీ వ్యాసాన్నే ఉంచిన ఇన్‌టేక్ ఎంచుకోవాలి, లేదా కొత్త పైపుకు తగిన ట్యూనింగ్ ఖర్చును కూడా ఇన్‌టేక్ ధరలోనే కలిపి చూసుకోవాలి.