వేమత్‌లో ఒలింపిక్ జ్యోతి కోసం రెండు రాత్రులు

2012 జూలైలో, లండన్ ఒలింపిక్స్‌కు పక్షం రోజుల ముందు, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వేమత్ అనే చిన్న ఊళ్ళో మేము రెండు రాత్రులు గడిపాము. ఒలింపిక్ జ్యోతి ఆ ఊరి మీదుగా సాగిపోవడం చూడాలన్న కోరిక మా నాన్నగారిది. ఆయన బందరులో డ్రిల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఏటా స్కూలు ఆటల పండుగ నాడు నూనె గుడ్డ చుట్టిన కర్రను వెలిగించి పిల్లల చేతికిచ్చి మైదానం చుట్టూ పరుగెత్తించేవారు. 2008 ఏప్రిల్‌లో బీజింగ్ జ్యోతి ఢిల్లీకి వచ్చినప్పుడు బందోబస్తు కారణంగా పరుగును బాగా కుదించి, మామూలు జనాన్ని దారి దరిదాపులకు రానివ్వకపోవడాన్ని టీవీలో చూసి ఆయన చాలా బాధపడ్డారు. నాలుగేళ్ళ తరువాత, అమ్మతో కలిసి ఇంగ్లండ్‌లో, రెడింగ్ అనే ఊళ్ళోని మా ఇంటికి వచ్చినప్పుడు, జ్యోతి ఎక్కడెక్కడికి వెళుతుందో వేసిన పటాన్ని వార్తాపత్రికలోంచి కత్తిరించి దాచుకున్నారు.

ఆ పటం ప్రకారం జ్యోతి మే 19న ఇంగ్లండ్ నైరుతి కొస అయిన ల్యాండ్స్ ఎండ్ దగ్గర బయలుదేరి, 70 రోజులలో సుమారు 8,000 మైళ్ళు తిరిగి లండన్ చేరాలి. దానిని మోసేవారు 8,000 మంది. జూలై 12న వేమత్, 14న సౌతాంప్టన్, 16న బ్రైటన్. మాకు సౌతాంప్టన్ దగ్గర, బ్రైటన్‌కు హంగు ఎక్కువ. అయినా వేమత్‌నే ఎంచుకున్నాము. ఒలింపిక్ తెరచాప పడవల పందేలు జరగబోయేది అక్కడే కనుక ఊరంతా ఆ ఉత్సాహంలో ఉంటుందని ఒక కారణం. రైలు దిగి అయిదు నిమిషాలు నడిస్తే సముద్రం, దాని వెంబడే జ్యోతి వెళ్ళే దారి, ఆ దారి మీదే బస, అన్నీ అమ్మ నడవగలిగినంత దూరంలో ఉండడం అంతకంటే పెద్ద కారణం. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు చూడవలసింది అదే. ఎందుకంటే జ్యోతి మన ముందు ఉండేది ఒక్క నిమిషం, దాని కోసం కూర్చునేది నాలుగు గంటలు. ఊరు మంచిదా కాదా అన్నది ఆ నాలుగు గంటలే తేలుస్తాయి.

రెడింగ్ నుంచి బేసింగ్‌స్టోక్ వెళ్ళి, అక్కడ రైలు మారితే వేమత్ వరకు మళ్ళీ దిగనక్కరలేదు. ప్రయాణం గురించి చెప్పుకోవలసిన ఇబ్బంది ఏమీ లేదు. కారులో వెళ్ళి ఉంటే మాత్రం జ్యోతి వచ్చే వేళకు రోడ్లు మూసివేయడం వల్ల ఊరి బయటే చిక్కుకునేవాళ్ళం.

బస విషయంలో పొరపాటు నాదే. సముద్రానికి ఎదురుగా, ఎస్ప్లనేడ్ అని పిలిచే తీరపు రోడ్డు మీద, రెండు వందల ఏళ్ళ నాటి ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని బారుగా ఉంటాయి. వాటిలో చాలా వరకు ఇప్పుడు గెస్ట్ హౌస్‌లు. 1789లో మూడవ జార్జి రాజు ఆరోగ్యం కోసం సముద్రస్నానాలకు ఇక్కడికి వచ్చిన తరువాత ఊరికి పేరు వచ్చింది. రంగులు వేసిన ఆయన విగ్రహం ఇప్పటికీ రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. అంత పాత ఇళ్ళలో లిఫ్టు ఉండదన్న ఆలోచన బుక్ చేసేటప్పుడు నాకు రాలేదు. మాకు ఇచ్చిన గదులు మూడో అంతస్తులో, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఆగవలసినంత ఇరుకు మెట్ల పైన ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ రోజుకు రెండుసార్లకు మించి దిగలేకపోయింది. ఇలాంటి చోట బుక్ చేసేముందు ఫోన్ చేసి కింది అంతస్తులో గది ఉందా అని తప్పక అడగాలి. రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వమన్నారు, ధర కూడా మామూలు రోజుల కంటే బాగా ఎక్కువే తీసుకున్నారు. అయితే గదులు అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. కిటికీ తెరిస్తే కనుచూపు మేర సముద్రం. ఇంటావిడ పొద్దున ఫలహారంలో మాంసం ముట్టని అమ్మ కోసం వేరే పెనం పెట్టి పుట్టగొడుగులు, టమాటాలు వేయించి ఇచ్చింది. ఆ వేరే పెనం మేము అడిగింది కాదు, ఆమే ఆలోచించి చేసింది.

పన్నెండో తేదీ మధ్యాహ్నమే వెళ్ళి చోటు చూసుకున్నాము. జనం ఎక్కువగా రాజు విగ్రహం దగ్గర, 1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండినందుకు గుర్తుగా కట్టిన గడియార స్తంభం దగ్గర మూగారు. ఫోటోలకు అవి బాగుంటాయి కాని, కూర్చోవడానికి ఏమీ లేదు. వాటికి కొంచెం ఎడంగా, తీరం వెంట కట్టిన పాతకాలపు షెల్టర్లు ఉన్నాయి. పైన కప్పు, లోపల బల్లలు. ఆ ఏడాది వేసవి అంతా వానలే కావడంతో ఆ కప్పు విలువ మాకు తెలుసు. అమ్మను అక్కడ కూర్చోబెట్టి, మేము ఎదురుగా రోడ్డు అంచున నిలబడ్డాము. పబ్లిక్ టాయిలెట్లు దగ్గరలోనే ఉన్నాయి, శుభ్రంగా కూడా ఉన్నాయి. నాన్నగారు కాసేపు ఇసుకలో నడిచి వచ్చి, మన మంగినపూడిలో కాలు పెడితే నల్లమట్టి అంటుకుంటుంది, ఇక్కడి ఇసుక జల్లెడ పట్టిన రవ్వలా ఉందని అన్నారు. పిల్లలు గాడిదల మీద సవారీ చేయడం కూడా ఆయనకు నచ్చింది.

మేము నిలబడ్డ చోటే ఒకరి నుంచి ఒకరికి జ్యోతి మారబోతోందని వాలంటీరు ఒకాయన చెప్పడం మా అదృష్టం. ఒక్కొక్కరు పరుగెత్తేది సుమారు 300 మీటర్లు కనుక, ఆ మార్పు జరిగే చోటు తెలుసుకుని నిలబడితే పరుగెత్తి వెళ్ళిపోయే మంటను కాక, ఆగి ఉన్న మంటను చూడవచ్చు. ఏ ఊళ్ళోనైనా ముందుగా అడిగి తెలుసుకోవలసింది ఇదే.

మొదట పోలీసు మోటారు సైకిళ్ళు వచ్చాయి. ఆ వెనక స్పాన్సర్ల బస్సులు పెద్ద పాటలతో వచ్చి చిన్న జెండాలు, చప్పుడు చేసే గాలి కర్రలు పంచుతూ పోయాయి. వాటిని చూసి ఇంతేనా అని అమ్మ అడిగింది. నిజానికి ఈ భాగం నాకూ నచ్చలేదు. అంతసేపు ఓపికగా నిలబడ్డ జనాన్ని ప్రకటనల కోసం వాడుకున్నట్లు అనిపించింది. కాని అవి పోయిన తరువాత కొన్ని నిమిషాల పాటు రోడ్డు ఖాళీగా, ఊరంతా ఊపిరి బిగపట్టినట్లు ఉండిపోయింది. అప్పుడు తెల్ల దుస్తుల్లో ఉన్న ఒక అమ్మాయి, చుట్టూ బూడిద రంగు దుస్తుల్లో కాపలా పరుగు తీసే పోలీసులు, ఆమె చేతిలో బంగారు రంగు కాగడా కనిపించాయి.

మా పక్కనే కాగడాతో సిద్ధంగా నిలబడి ఉన్నావిడ పెద్దవయసు మనిషి. కాపలావాళ్ళలో ఒకరు ఆమె కాగడాలోని గ్యాస్ తిప్పారు. పరుగున వచ్చిన అమ్మాయి తన కాగడాను వంచి దీని కొసకు ఆనించింది. ఒక్క క్షణం రెండు మంటలూ కలిసి ఒకటిగా పైకి లేచాయి. తరువాత ఈవిడ నెమ్మదిగా నడక సాగించింది, ఆ అమ్మాయి కాగడా ఆరిపోయింది. నాన్నగారికి అప్పటిదాకా కాగడాయే చేతులు మారుతుందని అభిప్రాయం. ఇక్కడ ఎవరి కాగడా వారిదే, మారేది మంట ఒక్కటే అని కళ్ళారా చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మే 21న డెవన్‌లోని గ్రేట్ టారింగ్‌టన్ అనే ఊళ్ళో కాగడా ఒకటి కొండెక్కితే, గ్రీసు నుంచి తెచ్చిన మూలజ్యోతితోనే మళ్ళీ వెలిగించారని రాత్రి నేను చెప్పాను. ఆ మూలజ్యోతిని గనుల్లో వాడే లాంతర్ల వంటి దీపాలలో భద్రంగా వెంట తీసుకువెళతారని విని, అయితే అది అఖండదీపమే కదా అని అమ్మ అంది.

రాత్రి భోజనానికి రేవు వైపు వెళ్ళాము. చేపలూ బంగాళాదుంపల చిప్సూ అమ్మే దుకాణాలకు కొదవ లేదు, చేప తాజాగా, పై పూత కరకరలాడుతూ ఉంది. శాకాహారులు మాత్రం చిప్స్‌ను ఏ నూనెలో వేయిస్తారని అడగడం అవసరం. చాలాచోట్ల చేపకూ చిప్సుకూ ఒకటే మూకుడు. అమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినేసింది. జనం తాకిడికి చాలా హోటళ్ళలో గంటకు పైగా వేచి ఉండవలసి వచ్చింది.

మర్నాడు జ్యోతి పక్కనే ఉన్న పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరి బోర్న్‌మత్ వైపు వెళుతుంది. పోర్ట్‌లాండ్ దాదాపు ద్వీపమే. ఒక్క రోడ్డే దానిని ఒడ్డుతో కలుపుతుంది. పెందలాడే రమ్మని ముందురోజు మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరకు ఇంటావిడ తనకు తెలిసిన ఇంకొకరిని పిలిపించింది. లేకపోతే ఈ ప్రయాణంలో అన్నిటికంటే మంచి ఘట్టం మాకు దక్కేది కాదు. మీరు వెళితే టాక్సీని నమ్ముకోకుండా పోర్ట్‌లాండ్‌లోనే బస చూసుకోండి.

అక్కడ ఫార్చూన్స్‌వెల్ అనే ఊరి ఎత్తు రోడ్డు మీద మాతో పాటు నిలబడినవారు మహా అయితే నలభై మంది. చాలామంది ఇళ్ళలోంచి టీ కప్పులతో అలాగే బయటికి వచ్చినవాళ్ళు. తోపులాట లేదు. ఎవరూ అడగకుండానే అమ్మకు ఒకావిడ కుర్చీ తెచ్చి వేసింది. జ్యోతి దాటిపోయాక, అంతకుముందు తన వంతు పూర్తి చేసుకున్న ఒకాయన ఆరిన కాగడాతో తిరిగి వస్తూ, అడిగిన ప్రతివారికీ ఓపికగా అందించాడు. నాన్నగారి వంతు వచ్చింది. దాని బరువు 800 గ్రాములు, పొడవు 80 సెంటీమీటర్లు. మూడు పలకలుగా ఉన్న ఒంటి నిండా 8,000 మందికి గుర్తుగా 8,000 చిల్లులు. వాటి మీద ఆయన బొటనవేలితో మెల్లగా రాసి చూశారు, తరువాత మోచెయ్యి వంచకుండా, భుజం ఎత్తుకు తీసుకువెళ్ళి, పిల్లలకు నేర్పినట్లే నిటారుగా పట్టుకున్నారు. ఆ కాగడా యజమాని అది చూసి, ఇంతకుముందు మీరు పరుగెత్తారా అని అడిగాడు. ఆయన ఇంగ్లీషులో, లేదు, పరుగెత్తించాను అన్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు చెసిల్ తీరంలో ఒక గంట గడిపాము. సుమారు 29 కిలోమీటర్ల పొడవున గులకరాళ్ళ కట్ట అది. పడమటి కొసన బఠాణీ గింజలంత ఉండే రాళ్ళు పోర్ట్‌లాండ్ చేరేసరికి బంగాళాదుంపలంత అవుతాయి. అక్కడ నడవడం కష్టం, అమ్మను దింపలేదు. రాళ్ళు తీసుకువెళ్ళకూడదని బోర్డు ఉంది. అది చూడకముందు జేబులో వేసుకున్న రాయిని నాన్నగారు తీసి, ఎక్కడ దొరికిందో వెతికి అక్కడే పెట్టి వచ్చారు. సాయంత్రం రైల్లో చాలామంది నిలబడే వెళ్ళవలసి వచ్చింది. వేమత్‌లోనే రైలు బయలుదేరుతుంది కాబట్టి, అరగంట ముందు వచ్చిన మాకు అందరికీ సీట్లు దొరికాయి.