ఊసరవెల్లి పిల్లకి అద్దాల పెట్టె మేలా, జాలీ గూడు మేలా?

మా పెద్దాడు కుక్కపిల్ల కావాలని రెండేళ్ళు సతాయించి సతాయించి, మా ఆవిడకి బొచ్చు పడదని తేలాక రూటు మార్చి ఊసరవెల్లి అన్నాడు. ఫోన్లో అమ్మకి చెప్తే "ఇంట్లో అదేంట్రా, కంచె మీద కనపడితే రాళ్ళెట్టి కొట్టేవాళ్ళు కదరా మీరంతా" అంది. నిజమే, విషం చిమ్ముతుందని ఎవడో చెప్తే నమ్మేసి తరిమేవాళ్ళం, పాపం దానికి విషం లేదు గిషం లేదు. ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దాని చుట్టానికి పొద్దున్నే లేచి లైట్లేసి నీళ్ళు కొడుతున్నా.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తా, మన చేల గట్ల మీద కనిపించేది ఇండియన్ కమీలియన్, దాన్ని పట్టుకోవడం పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఇది చదివి కంచెల వెంట పడకండి. మాది వెయిల్డ్ కమీలియన్, యెమెన్, సౌదీ నైరుతి వైపు కొండల జాతి, ఇక్కడ పెంపకందారు దగ్గర పుట్టిన పిల్ల. తెచ్చినప్పుడు మూడు నెలలు, తోక చుట్టుకుని కూచుంటే నా అరచేతిలో పట్టేసేది. మగది, వెనక పాదాల మడమ దగ్గర చిన్న ముల్లు లాంటిది ఉంటే మగ, పుట్టినప్పటి నుంచే ఉంటుంది.

సరే గూడు సంగతి. మొదట పెట్స్ షాపులో సేల్స్ అబ్బాయి చూపించింది అడ్డంగా పడుకున్నట్టుండే గాజు ట్యాంకు, చేపల తొట్టే అనుకోండి, పైన జాలీ మూత, దాంతో పాటు మెలికల బల్బు ఒకటి, కింద పరచడానికి కొబ్బరి పొట్టు, "మొత్తం కిట్ సార్" అన్నాడు. నేను కొనేశా కూడా. ఇంటికొచ్చి చదవడం మొదలెడితే అందులో ఒక్కటీ పనికొచ్చేది కాదు, రెండో రోజే తిరిగిచ్చేశా. దీన్ని అసలు పోటీలోంచే తీసేయండి. ఊసరవెల్లి నేల మీద బతికే జంతువు కాదు, దానికి పొడుగు కన్నా ఎత్తు ముఖ్యం. నాలుగు పక్కలా గాజు ఉండి గాలి పైనుంచి మాత్రమే వస్తే లోపల చెమ్మ అలాగే నిలిచిపోతుంది, దానికి లైటు వేడి తోడైతే ఇడ్లీ పాత్రే. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఎక్కువగా అలాంటి చోటే మొదలవుతుంది, తల పైకెత్తి నోరు తెరిచి కూచుంటుంది, ముక్కు దగ్గర బుడగలొస్తాయి. మా ఆఫీసులో ఒకతని ఊసరవెల్లికి అదే అయింది, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల దాకా వెళ్ళింది వ్యవహారం. కొబ్బరి పొట్టు గురించి కూడా ఒక ముక్క, నాలుక విసిరి పురుగుని లాక్కునేటప్పుడు పొట్టు కూడా లోపలికి పోతే పేగుల్లో అడ్డం పడొచ్చు, అందుకే కింద ఏమీ పరచకుండా ఖాళీగా ఉంచడమే నయం, తుడవడమూ తేలిక.

అసలు పోటీ టెర్రేరియం అనే నిలువు గాజు పెట్టెకీ అల్యూమినియం జాలీ గూడుకీ మధ్య. ఈ నిలువు గాజుని మరీ తిట్టిపోయకూడదు. తలుపు కింద గాలి వెళ్ళే సందు ఉండి పైనంతా జాలీ ఉంటే, వేడి గాలి పైకి పోతూ కింద నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది, మన పాత వంటింటి పొగ గొట్టం లాగే. జర్మనీ, ఇంగ్లండ్ లాంటి చలి దేశాల్లో చాలామంది ఇందులోనే బ్రహ్మాండంగా పెంచుతున్నారు. చెమ్మ నిలుస్తుంది, వేడి నిలుస్తుంది, నీళ్ళు నేల మీద కారవు. ఇబ్బందల్లా పిల్లతో. అద్దంలో తన నీడే కనపడితే ఇంకో ఊసరవెల్లి వచ్చిందనుకుని ఒళ్ళు నల్లబడి బుస కొడుతుంది. వీటికి తోడు అంటే పడదు, ఎప్పుడూ ఒక గూటికి ఒకటే. ఇంకోటి, చిన్న గాజు పెట్టెలో బల్బు పెడితే పైనా కిందా ఒకే వేడి అయిపోతుంది, పిల్లకి వేడెక్కితే పక్కకి తప్పుకునే చోటు ఉండదు. వెచ్చగా కూచునే కొమ్మ దగ్గర 80 నుంచి 85 ఫారెన్‌హీట్ చాలు, అడుగున గది వేడి ఉండాలి, ఈ తేడా ఉండటమే గూడు.

జాలీ గూడు అంటే మన దోమల మెష్ కిటికీలు నాలుగు నిలబెట్టి పెట్టె చేసినట్టే, తేలిక, గాజు కన్నా చవక, గాలికి లోటుండదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంటంటే ఎండ బాగున్న రోజు గూడుతో సహా ఎత్తుకెళ్ళి పెరట్లో పెట్టేయొచ్చు, సగం నీడ ఉండేలా చూసుకుని పక్కనే మనం కూచోవాలి అంతే. గాజు పెట్టెని ఎండలో పెడితే కాసేపట్లో లోపల ప్రాణి ఉడికిపోతుంది. "కిటికీ పక్కన పెట్టాం కదా ఎండ తగుల్తోంది" అనేవాళ్ళు ఉంటారు, కిటికీ అద్దం ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలని ఆపేస్తుంది, వెలుగు వస్తుంది గానీ కావాల్సింది రాదు. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారవదు, డీ3 లేకపోతే మేతగా వేసే కీచురాళ్ళకి ఎంత కాల్షియం పౌడర్ అద్ది పెట్టినా ఎముకలకి పట్టదు, ఎదిగే పిల్లకి కాళ్ళు విల్లులా వంగిపోతాయి, వంగాక తిన్నగా రావు. అందుకే గూడు ఏదైనా సరే యూవీబీ కోసం ఆ మెలికల బల్బు వద్దు, గూటి వెడల్పంతా పరుచుకునే పొడుగు యూవీబీ ట్యూబు కొనండి. నాది 5.0 అని రాసుండే టీ5 అనే సన్నటి ట్యూబు, జాలీ పైన పెట్టా, కొమ్మ దానికి 8, 9 అంగుళాల కింద ఉంది. ట్యూబు వెలుగుతున్నా లోపల యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి, యూవీబీ కొలిచే మీటర్ లేకపోతే ఇంకా ముందే.

మరి జాలీతో బాధ లేదా అంటే ఉంది. డాలస్‌లో డిసెంబర్లో హీటర్ ఆన్ అయ్యేసరికి మా ఇంట్లో తేమ 25 శాతం దగ్గరికి పడిపోయింది. పొద్దున నీళ్ళు కొడితే పావుగంటలో ఆకులు పొడి. వీటికి పగలు 30 నుంచి 50 శాతం తేమ సరిపోతుంది గానీ రాత్రి చల్లబడ్డాక 80 పైన ఉంటే మంచిది, కొండల్లో రాత్రి మంచు పట్టినట్టు. పూర్తి జాలీలో రాత్రి మంచు చిమ్మే ఫాగర్ ఎంత పెట్టినా ఆ మంచంతా మా హాల్లోకే వచ్చేది, మా ఆవిడ "ఏమండీ, సోఫా తడిగా ఉందేంటి" అని అడిగే దాకా నాకు తెలీలేదు.

అప్పుడు చేసిన పనే ఇప్పుడు నేను అందరికీ చెప్పేది. జాలీ గూడుకి వెనకా, రెండు పక్కలా బయట నుంచి పారదర్శక షవర్ కర్టెన్ కత్తిరించి క్లిప్పులు పెట్టేశా, ముందు తలుపూ పైభాగం వదిలేశా. ఖర్చు ఐదారు డాలర్లు. రాత్రి తేమ నిలవడం మొదలైంది, వేసవిలో కర్టెన్ తీసేస్తే మళ్ళీ మామూలు జాలీ. గాజు పెట్టెకి ఆ వెసులుబాటు లేదు, ఒకసారి కొన్నారంటే అన్ని కాలాలకీ అదే. అందుకని నా లెక్కలో మూడు పక్కలా కప్పిన జాలీయే ముందు. మీ ఇల్లు ఏడాదంతా చలిగా పొడిగా ఉంటే, మినియాపొలిస్ వైపు అలాంటి చోట, నిలువు గాజుకి వెళ్ళండి, నేను కాదనను. ఫ్లోరిడా, హ్యూస్టన్ అయితే ఉత్త జాలీ చాలు. అంటే జంతువు కన్నా ముందు మీ ఇంటి గాలి చూసుకోవాలి, పది డాలర్ల తేమ మీటర్ కొని వారం రోజులు పొద్దునా రాత్రీ రాసుకోండి, తర్వాత కొనండి.

సైజు దగ్గర నేను డబ్బులు తగలేశా. పిల్లే కదా అని 16, 16, 30 అంగుళాలది కొన్నా, నాలుగు నెలలకే ఇరుకైపోయి 2 అడుగుల వెడల్పు, 2 లోతు, 4 ఎత్తు ఉండేది కొనాల్సొచ్చింది. పెద్ద దాంట్లో పిల్లకి పురుగులు దొరకవు అంటారు, మూడు నెల్ల లోపు పిల్లకైతే అది నిజమే. మూడు నెలలు దాటాక కొమ్మకి ఒక ప్లాస్టిక్ డబ్బా కట్టి అందులో కీచురాళ్ళు వేస్తే నేరుగా అక్కడికే వస్తుంది, కాబట్టి మొదటే పెద్దది కొనేయండి. కాకపోతే లోపల ఖాళీగా ఉంచొద్దు, మనీ ప్లాంటు, మందారం, గొడుగు మొక్క అంటారే అది, ఇవి దట్టంగా పెట్టండి. ఈ ఊసరవెల్లులు ఆకులు కూడా కొరికే రకం, ప్లాస్టిక్ మొక్కలు వద్దు. గిన్నెలో నీళ్ళు పెడితే చూడదు, ఆకు మీద చుక్కే తాగుతుంది. పొద్దున నేను స్ప్రే కొట్టగానే మా ఊసరవెల్లి గాడు ఒక కన్ను నా వైపు, ఒక కన్ను ఆకు వైపు తిప్పి, నేను కదలనని నమ్మకం కుదిరాక అప్పుడు నెమ్మదిగా నోరు పెట్టి జుర్రుతాడు. గూడు కింద పెట్టకుండా కొమ్మ మన కళ్ళ కన్నా ఎత్తున ఉండేలా పెడితే ఆ నమ్మకం త్వరగా కుదురుతుంది, పైనుంచి వచ్చేదేదైనా వాటికి గద్దే.

జాలీతో ఇంకా తెగని తగువు ఒకటి ఉంది. పిల్లకి చిన్న కీచురాళ్ళే వెయ్యాలి, దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దవి వెయ్యకూడదు, అంత చిన్నవి జాలీ కన్నాల్లోంచి దర్జాగా బయటికి నడిచెళ్ళిపోతాయి. డబ్బా కట్టాక తగ్గింది గానీ అంతకు ముందు పారిపోయినవి అక్కడే పెద్దవయ్యాయి, ఫ్రిజ్ వెనకాల ఒకటి రోజూ రాత్రి పదకొండింటికి మొదలెడుతుంది, మా ఆవిడ నా వైపు తిరిగి ఏమీ అనదు, చూస్తుంది అంతే.